డెస్ దగ్గర కొన్న బండి

క్వార్న్ ఊళ్ళో రైలు పట్టాల వెనక రేకుల షెడ్డు.
తలుపు పక్కకు లాగుతూ డెస్
"ముందు ఆ దుమ్మును క్షమించాలి" అన్నాడు,
ఇంట్లో పడుకున్న చుట్టాన్ని చూపిస్తున్నట్టు.

సుజుకీ వీ-స్ట్రామ్. డెబ్బై ఒక్క వేల కిలోమీటర్లు.
కుడివైపు అల్యూమినియం పెట్టెకు సొట్ట.
"కంగారూ కాదు, నా సొంత గేటే."
తుంటి ఎముక మార్చారట, కాలెత్తి అటు వేయలేడట.
ధర చెప్పి నా బేరం కోసం ఎదురుచూశాడు.
నేను టైరు గాడుల్లో గోరు పెట్టి చూస్తూ ఉండిపోయాను.
అదే బేరమనుకుని రెండు వందల డాలర్లు తనే తగ్గించాడు.

ఎందుకు మానేశావని అడిగాడు.
చెప్పుకోవడానికి ఒక ప్రమాదమైనా లేదు.
కాలు విరగలేదు, ఎవరూ ఒట్టు వేయించుకోలేదు.
రాజమండ్రిలో అన్నయ్య కేబీ హండ్రెడ్‌ని
గోదావరి గట్టు మీద పరిగెత్తించిన పిల్లనే.
తర్వాత ఒక వానాకాలం బస్సెక్కాను,
తర్వాత కారు, కారులో పిల్ల సీటు,
చూసుకుంటే ఇరవై నాలుగేళ్ళు.
దించిన పాలు ఎప్పుడు చల్లారాయో
ఎవరైనా చెప్పగలరా?

ఈత, సైకిలు ఒకసారి వస్తే పోవంటారు.
అన్నవాళ్ళెవరూ రెండు వందల కిలోల బండిని
వాలు మీద వెనక్కి తిప్పి ఉండరు.
మొదటి రోజే, పోర్ట్ అగస్టాలో మా ఇంటి ముందు,
సున్నా వేగంలో,
అలిసిన గేదె మోకాళ్ళు మడిచినట్టు
నెమ్మదిగా, మర్యాదగా పక్కకు ఒరిగింది.
నేనూ దానితోపాటే కూర్చున్నాను.
ఎదురింటి ట్రేసీ మొక్కలు తడుపుతూ
చూడనట్టు అటు తిరిగింది. ఆ పుణ్యం ఊరికే పోదు.

లేపడం శిక్షణలో ఓ కుర్రాడు నేర్పాడు:
సీటుకు నడుం ఆనించి, హ్యాండిల్ ఒక చేత్తో పట్టి,
చూపు దూరంగా పెట్టి, వెనక్కి నడవాలి.
నలభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు ఫటేల్మన్నాయి.
బండి లేచింది.

మురహరి ఏమీ అనలేదు.
బీమా కాగితాలు మాత్రం రెండుసార్లు చదివాడు.
ఫార్మసీలో రక్తపోటు మాత్రలకొచ్చే ముసలాళ్ళు
కౌంటర్ మీద నా హెల్మెట్ చూసి
మాత్రలు మరిచి, తమ పాత బండ్ల పేర్లు చెప్పారు.
సెప్టెంబరు కదా, గూళ్ళు కాసే మ్యాగ్‌పైలు తల మీదికి దూకుతాయని
ఒకాయన హెల్మెట్‌కు ప్లాస్టిక్ ముళ్ళు కట్టించాడు.
ముళ్ళపంది మందులమ్ముతోంది అనుకోండి.

సీటు కింద డెస్ మరిచిన చిన్న పుస్తకం.
ప్రతి టైరు, ప్రతి ఆయిలు మార్పు, పెన్సిలుతో.
"మారీ. ఎదురుగాలి. గొలుసు బిగించా."
"ఊడ్నాడట్టా. నోరీన్ లేకుండా మొదటిసారి."
కింద మళ్ళీ మామూలుగా
"ఆయిలు, రెండున్నర లీటర్లు."
ఫోను చేస్తే, ఉంచుకో, అది బండిదే అన్నాడు.
కాసేపాగి, గొలుసుకు నూనె మరిచిపోవద్దన్నాడు.

ఆదివారం పిచి రిచి కనుమ.
మూడో వంపులో కళ్ళు రోడ్డంచు కంకర మీద పడ్డాయి.
చూపెటుంటే బండి అటే.
గడ్డం ఎత్తి, వంపు చివరి యూకలిప్టస్‌ను పట్టుకున్నాను,
బండి కూడా దాన్నే చూసినట్టుంది.
గోదావరి గట్టు పిల్ల గుర్తొచ్చింది.
ఆ పిల్లైతే ఇక్కడ పడేది.

క్వార్న్ దాటాక మట్టిరోడ్డు
అలలు అలలుగా గట్టిపడి,
దవడలు, అద్దాలు, పెట్టెలో డబ్బా
అన్నీ ఒకటే మోత. నిలబడి తోలాను.
నీడ దొరికిన చోట ఆగి పెట్టె తెరిస్తే
పులిహోర పెట్టెంతా.
పానాల మధ్య వేరుసెనగ గుళ్ళు,
పంక్చరు కిట్టు మీద కరివేపాకు.
ఏరుకుని తిన్నాను.
ఇంజను టిక్కు టిక్కుమని చల్లారుతోంది.
పుస్తకం తీసి, డెస్ రాత కింద,
పెన్సిలు లేక పెన్నుతో, తెలుగులో:
"71,312. ఎదురుగాలి లేదు.
మూత ఇంకా గట్టిగా బిగించాలి."